చలువ బిళ్ళ

ఆ బిళ్ళ మొదటిసారి చల్లబడినప్పుడు ఉష్ణమాపకం చూపిన అంకెను హేమసుందరి నమ్మలేదు. రెండు అయస్కాంతాల మధ్య ఉన్న సన్నటి సందులోకి చిటికెనవేలు దూర్చి, వేలికొనను బిళ్ళకు ఆనించి చూసింది. నిజంగానే చల్లగా ఉంది. అయస్కాంతాలను దూరం జరిపితే చల్లదనం పోయింది. దగ్గరికి తెస్తే మళ్ళీ వచ్చింది. మంచు లేదు, గ్యాసు లేదు, మోటారు చప్పుడు లేదు. నికెల్, మాంగనీసు, తగరం కలిపి కరిగించి, గోరంత రేకుగా కోసిన మిశ్రలోహం అది. అయస్కాంతం దగ్గరికి వస్తే దాని లోపలి అమరిక మారుతుంది. మారడానికి కావలసిన వేడిని పక్కనున్న దాని నుంచి లాగేసుకుంటుంది.

ఆ సాయంత్రం ఆమె ప్రయోగశాల నుంచి తన ఇంటికి వెళ్ళకుండా, భీమిలి వైపు పోయే బస్సెక్కి తాను పుట్టిన పేటలో దిగింది. విశాఖపట్నం దాటాక సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకారుల పేట అది. అక్కడినుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల హేమసుందరి. ఇప్పుడు లోహశాస్త్రంలో ఆమె మాటకు దేశమంతటా విలువ ఉంది. పేటలో మాత్రం ఆమె ఇంకా నూకరాజు వాళ్ళ అక్కే.

నూకరాజు ఇసుకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు. ఏడేళ్ళప్పుడు నాన్నతో పడవలో వెళ్ళి, నడిసముద్రంలో మూర్ఛ వచ్చి నీళ్ళలో పడిపోయాడు. నాన్న జుట్టు పట్టుకుని పైకి లాగాడు. ఆ రోజు నుంచి ఎవరూ అతన్ని పడవ ఎక్కనివ్వలేదు. ఎన్ని మందులు వాడినా మూర్ఛలు ఆగలేదు. ఈడువాళ్ళంతా వేటకు పోతుంటే ఒడ్డున ఆడవాళ్ళతో కలిసి చేపలు ఏరుతూ, వలలు కుడుతూ పెద్దవాడయ్యాడు. అతని సంగతంతా తెలిసే చేపలమ్మే దేవుడమ్మ అతన్ని చేసుకుంది.

"ఏటక్కా, చెప్పకుండా వచ్చినావు?" అన్నాడు తలెత్తకుండానే.

"నిన్నొక మాట అడుగుదామని. తల తెరిచి లోపల ఒక చిన్న రేకు పెడతామంటే ఒప్పుకుంటావా?"

నూకరాజు వల కుట్టే కండె పక్కన పెట్టాడు. "పెడితే?"

"మూర్ఛ మొదలవుతూ ఉండగానే ఆపేస్తుంది. ఇప్పుడే కాదు. ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది."

"పడవెక్కొచ్చా?"

అతనడిగిన ప్రశ్న అదొక్కటే.

*

అనుకున్నట్టే చాలా ఏళ్ళు పట్టింది. మెదడులో మూర్ఛ పుట్టే చోటును నాలుగైదు డిగ్రీలు చల్లబరిస్తే మూర్ఛ అక్కడే ఆగిపోతుందని నాడీ శస్త్రవైద్యురాలు డాక్టర్ సలోమికి తెలుసు. తల లోపల చల్లబరిచే సాధనమే ఆమె దగ్గర లేదు. ఇద్దరూ కలిశారు. మూర్ఛ మొదలవుతున్న సంకేతాన్ని పసిగట్టే సన్నటి తీగలు, సంకేతం అందగానే తిరిగే గింజంత అయస్కాంతం, దాని కింద చలువ బిళ్ళ. మొదట గొర్రెల మీద చూశారు, తర్వాత అనుమతులు వచ్చాయి. మనుషులను ఎంపిక చేసిన కమిటీలో హేమసుందరి కూర్చోలేదు. అయినా రోజూ మూర్ఛలు వచ్చేవాళ్ళ జాబితాలో నూకరాజు పేరు పైనే ఉంది.

ఆపరేషన్ అయి కుట్లు మానాక ఒక రోజు, వల కుడుతూ కుడుతూ అతను చెయ్యి ఆపాడు. కళ్ళు నిలబడిపోయాయి. దేవుడమ్మ చేతిలో ఉన్నది వదిలేసి, తల నేలకు కొట్టుకోకుండా పట్టుకోవడానికి పరుగెత్తింది. ఆమె చేరేలోపే అతను రెప్ప వేశాడు.

"తల లోపల ఎవరో తడిగుడ్డ వేసినట్టుందే," అని మళ్ళీ కండె తీసుకున్నాడు.

దేవుడమ్మ అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చింది.

ముప్పై దాటాక నూకరాజు సముద్రం నేర్చుకున్నాడు. పేటలో పదేళ్ళ పిల్లలకు తెలిసినవి అతనికి తెలియవు. బావమరిది వరస అయ్యే ఎల్లాజీ తన ఫైబర్ పడవలో ఎక్కించుకుని ఒక్కొక్కటే చెప్పాడు. కెరటం విరిగే చోట ఇంజను ఎప్పుడు పెంచాలో, నీటి రంగు చూసి అడుగున రాయి ఉందో బురద ఉందో ఎలా చెప్పాలో. మొదట్లో వాంతులు చేసుకునేవాడు. తర్వాత అలవాటయింది. ఒడ్డుకు రాగానే అక్కకు ఫోను చేసేవాడు.

"అక్కా, ఇయ్యాల కోనాం సేప పడ్డాది. మోయలేక సచ్చినాం."

హేమసుందరి మీటింగులో ఉన్నా ఆ ఫోను ఎత్తేది. అటువైపు గాలి హోరు వినపడుతుంటే ఒక నిమిషం మాట్లాడకుండా వినేది.

*

బిళ్ళ పెట్టించుకున్న మొదటి మనిషి రత్నమాంబ అనే రిటైరైన హిందీ టీచరు. కొన్నేళ్ళకు ఆవిడ న్యుమోనియాతో పోయింది. ముందే రాసిచ్చిన ప్రకారం ఇంటివాళ్ళు బిళ్ళను ప్రయోగశాలకు ఇచ్చారు. మనిషి శరీరంలో అంతకాలం ఉండి బయటికి వచ్చిన మొదటి బిళ్ళ అది. హేమసుందరి దాన్ని తీసుకుని న్యూట్రాన్ల పరీక్ష కోసం ముంబయి వెళ్ళింది. నికెల్‌నూ మాంగనీసునూ ఎక్స్‌కిరణాలు సరిగా వేరు చేయలేవు. న్యూట్రాన్లు ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో చెబుతాయి, దాని అయస్కాంతపు మొన ఎటు తిరిగి ఉందో కూడా చెబుతాయి.

తెర మీద శిఖరాలు ఒక్కొక్కటే లేచాయి. ఉండవలసినవన్నీ ఉన్నాయి. వాటి మధ్య, కొత్త బిళ్ళలో ఎప్పుడూ కనపడని చోట, ఒక చిన్న గుబ్బ ఉంది. పరికరం లోపమేమోనని మళ్ళీ తీయించింది. గుబ్బ పోలేదు.

ఆ గుబ్బ అర్థం ఆమెకు తెలుసు. లోపలి పరమాణువులు చోట్లు మార్చుకుంటున్నాయి. ఒంటి వెచ్చదనానికి అది జరగదని ఆమె లెక్క వేసింది. కానీ చల్లబడిన ప్రతిసారీ ఆ లోహం కొద్దిగా సాగి ముడుచుకుంటుంది. ముడుచుకున్న ప్రతిసారీ కొన్ని పరమాణువులకు జరగడానికి దారి దొరుకుతుంది. రత్నమాంబకు మూర్ఛలు మిగిలినవాళ్ళ కంటే తక్కువగా వచ్చేవి కాబట్టి ఆవిడ బిళ్ళలో మార్పు కొంచెమే ఉంది.

విశాఖపట్నం తిరిగి రాగానే, అదే పోతలోంచి కోసిన మరో బిళ్ళను గోరువెచ్చని నీళ్ళలో ఉంచి, అయస్కాంతాన్ని ఆపకుండా తిప్పుతూ వదిలేసింది. మనిషి తలలో ఏళ్ళు పట్టేది ఇక్కడ వారాల్లో జరిగింది. బిళ్ళ చల్లదనం తగ్గుతూ వచ్చింది. ఒక ఉదయం అసలు చల్లబడలేదు. హేమసుందరి యంత్రాన్ని ఆపలేదు. మరికొన్ని రోజులకు అయస్కాంతం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ బిళ్ళ వేడెక్కడం మొదలుపెట్టింది.

ఆమె లేచి కిటికీ తెరిచింది. మూర్ఛ మొదలైన చోటే వేడి తగిలితే ఆ మూర్ఛ ఆగదు. మంట మీద గాలి విసిరినట్టవుతుంది.

*

ప్రయోగశాల డైరెక్టర్ చక్రధర్ గదిలో ముగ్గురు కూర్చున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ బిళ్ళ కోసం ఢిల్లీ చుట్టూ తిరిగి జుట్టు నెరిపించుకున్నాడు. కాగితాలన్నీ చదివి కళ్ళద్దాలు తీశాడు.

"హేమగారూ, మనిషిలోంచి వచ్చిన బిళ్ళ ఒక్కటే. మిగిలిందంతా నీళ్ళ తొట్టెలో చేసింది. ఇంకో రెండు బిళ్ళలు చూసేదాకా ఆగితే బాగుంటుందేమో. ఇప్పుడు చెబితే వాళ్ళంతా భయపడిపోతారు."

"ఇంకో రెండు బిళ్ళలు ఎక్కడినుంచి వస్తాయి సార్? మరో ఇద్దరు చనిపోతే వస్తాయి."

ఆయన కాగితాలు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

డాక్టర్ సలోమి అడిగింది. "అందరికంటే ఎక్కువసార్లు తిరిగిన బిళ్ళ ఎవరిది?"

హేమసుందరి లెక్కల కాగితం ఆమె వైపు జరిపింది. "మా తమ్ముడిది."

*

మర్నాడు పొద్దున పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు ఆమె పేటలో ఉంది. నూకరాజు, ఎల్లాజీ వల దులిపి చేపలు తీసేదాకా ఆగింది. దేవుడమ్మ గంప నింపుకుని కూర్చున్నాక తమ్ముడి పక్కన చతికిలబడి, తడి వలను ఒడిలోకి లాక్కుంది.

"మా పుస్తకాల్లో దీన్ని జాలకం అంటారు రాజూ. జాలకమంటే వలే. బిళ్ళ లోపలంతా ఇలాగే ఉంటుంది. ప్రతి ముడి దగ్గరా ఒక పరమాణువు. అందులో మాంగనీసువి చిన్న చిన్న అయస్కాంతాలు. తగరం ఉండాల్సిన ముడి దగ్గర మేం కావాలని కొన్ని మాంగనీసు పరమాణువులను కూర్చోబెట్టాం. అవి పక్కవాటికి ఎదురు తిరిగి ఉంటాయి. ఆ పేచీ ఉంది కాబట్టే బిళ్ళ చల్లబడుతుంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు అవి మెల్లిగా చోట్లు మారి సర్దుకుంటున్నాయి. పేచీ పోతోంది. పూర్తిగా పోతే..."

"చల్లబడదు."

"వేడెక్కుతుంది."

నూకరాజు వల అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాడు. తర్వాత మామూలు గొంతుతో అన్నాడు. "నాకు తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"వానలెల్లిన కాడినుంచి తేడాగానే ఉంది. ముందు తడిగుడ్డలా ఉండేది. తర్వాత ఊదినట్టుండేది. మొన్న ఏటీ తెలీలేదు. మూర్ఛ దానంతటదే పోయింది."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"సెప్తే ఆపేత్తావు."

గంప దగ్గర నుంచి దేవుడమ్మ లేచింది. ఆమె గొంతు పెంచలేదు. "నీ పానం నీ ఇష్టమనుకుందారి. పడవలో ఎల్లాజన్న ఉన్నాడు కదా. నడిమి నీళ్ళలో నువ్వు ఇంజను మీద పడితే ఆడి గతేటి? ఆడికి ఇద్దరు ఆడపిల్లలు. ఆడికైనా సెప్పినావా?"

నూకరాజు పడవ వైపు చూశాడు. ఎల్లాజీ ఇంజను విప్పుతూ, ఇవేవీ వినకుండా ఎవరితోనో నవ్వుతున్నాడు.

"లేదు," అన్నాడు నూకరాజు. వల వదిలి లేచి మళ్ళీ అన్నాడు, "పద అక్కా, ఆస్పత్రికి."

*

ఆస్పత్రిలో బిళ్ళను కావాలని ఒకసారి పని చేయించి కొలిచారు. పెట్టిన కొత్తలో ఐదు డిగ్రీలు తగ్గించేది. ఇప్పుడు తగ్గింది అర డిగ్రీ కూడా లేదు. ఇంకొన్ని వారాలు గడిచి ఉంటే ఏమయ్యేదో గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

బిళ్ళను ఆపడానికి మళ్ళీ తల తెరవనక్కర్లేదు. అరచేతిలో పట్టే రిమోటును చెవి వెనక ఆనించి మీట నొక్కితే చాలు, అయస్కాంతం తిరగడం మానేస్తుంది. సలోమి దాన్ని చేతిలోకి తీసుకుంది.

"నాకియ్యండి డాట్రమ్మా," అన్నాడు నూకరాజు.

తనే చెవి వెనక పెట్టుకున్నాడు. వెంటనే నొక్కలేదు. కళ్ళు మూసుకుని కొంచెంసేపు ఉన్నాడు. హేమసుందరి తల తిప్పుకోవాలనుకుంది, కానీ చూస్తూనే ఉంది. టిక్కుమని చిన్న శబ్దం వచ్చింది.

"అయిపోనాదా?"

"అయిపోయింది," అంది సలోమి.

"ఏటీ తెలీనేదు," అన్నాడతను. రిమోటు ఆమె చేతిలో పెట్టి లేచాడు.

*

మిగిలిన వాళ్ళందరినీ ఆస్పత్రి హాలుకు పిలిపించారు. చక్రధర్ రెండు రోజులు ఆలోచించి, చెప్పవలసింది తానే చెబుతానన్నాడు. చెప్పాడు కూడా, దాచకుండా. కానీ శాస్త్రవేత్తల మాటల్లో చెప్పాడు. బిళ్ళ పనితీరులో క్రమక్షయం అన్నాడు. కుర్చీల్లో ఉన్న ఆడవాళ్ళు, మగవాళ్ళు చేతులు కట్టుకుని విన్నారు. మీలో ఎవరికైనా తేడా తెలిసిందా అని అడిగితే ఒక్కరూ పలకలేదు.

వెనక వరసలోంచి నూకరాజు లేచాడు. అంతమంది ముందు మాట్లాడడం అతనికి అలవాటు లేదు. కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"నాను సేపల వేటకెల్తాను. ఎల్లేవోణ్ణి. నాకు సలవ తగ్గిపోయిందని ముందే తెలిసింది. సెప్పలేదు. సెప్తే సముద్రం పోతాదని. నాతో పాటు ఇంకో మనిషి అదే పడవలో ఉన్నాడు. ఆడికీ సెప్పలేదు. మీకెవరికీ తగ్గకపోతే మంచిదే. తగ్గితే మాత్రం నాలాగ ఊరుకోకండి."

కూర్చున్నాడు. ముందు వరసలో చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్న ఒక అమ్మాయి మెల్లిగా చెయ్యెత్తింది. పిల్లాణ్ణి ఒంటరిగా ఎత్తుకోనివ్వరని భయపడి చెప్పలేదంది. ఆమె వెనక ఒక టైలరు. ఇంజనీరింగ్ చదువుతున్న ఒక కుర్రవాడు. అతని తండ్రి నిర్ఘాంతపోయి కొడుకు వైపు చూశాడు. ఒక్కొక్క చెయ్యీ లేస్తుంటే హేమసుందరికి వేదిక మీద కూర్చోవడం కష్టమైంది. కొలిచే పరికరాలన్నీ తన దగ్గరే ఉన్నాయనుకుంది. వీళ్ళందరూ తన కంటే ముందే కొలుచుకుని, ఎవరికి వారు మౌనంగా ఉండిపోయారు.

ఆ రోజు చాలామంది బిళ్ళను ఆపించుకున్నారు. కొందరు ఆలోచించుకుని మరో వారానికి వచ్చారు. అనకాపల్లి నుంచి వచ్చిన ఆటో డ్రైవరు గోవిందు మాత్రం ఒప్పుకోలేదు. అతని బిళ్ళ కొలిస్తే చల్లదనం సగానికి పడిపోయి ఉంది.

"సగం ఉంది కదమ్మా," అన్నాడు హేమసుందరితో. "ఆ సగం అయ్యేదాకా బండి తోలుకుంటాను. అప్పుడు నేనే వస్తాను."

"అది ఎప్పుడు అయిపోతుందో నేను కచ్చితంగా చెప్పలేను గోవిందూ."

"పర్లేదమ్మా. నాకు తెలుస్తుంది."

బలవంతంగా ఆపే హక్కు ఎవరికీ లేదు. సలోమి వారం వారం ఫోను చేసింది. మొదట్లో ఎత్తేవాడు, తర్వాత ఎత్తడం మానేశాడు. వేసవి వచ్చేసరికి, ఆటో స్టాండులో టీ తాగుతుండగా వచ్చిన మూర్ఛ గంటసేపు ఆగలేదు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి అతని మాట వినడం మానేసింది. మాట కూడా వెతుక్కుంటూ వస్తుంది.

పేపర్లలో ప్రయోగశాల పేరు నాలుగు రోజులు వచ్చింది. చక్రధర్ బాధ్యత తనదేనని చెప్పి పదవి వదులుకున్నాడు. హేమసుందరి వదలలేదు. వదిలితే తేలికగా ఉంటుందని ఆమెకు తెలుసు. నెలకోసారి అనకాపల్లి వెళ్ళి గోవిందు మంచం పక్కన కూర్చునేది. అతని భార్య మొదట్లో ఆమెతో మాట్లాడేది కాదు. తర్వాత మంచినీళ్ళు ఇచ్చేది. అంతవరకే.

*

నూకరాజుకు మూర్ఛలు తిరిగి వచ్చాయి. ఒకసారి పడి ముందు పన్ను విరగ్గొట్టుకున్నాడు. మళ్ళీ ఒడ్డున కూర్చుని వలలు కుట్టాడు. తేడా ఏమిటంటే, ఎల్లాజీ ఇప్పుడు పడవ దిగగానే ముందు అతని దగ్గరికి వచ్చి, ఎక్కడ వల వేసిందీ, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చెప్పేవాడు. నూకరాజు విని, రేపు ఎటు వెళ్ళాలో చెప్పేవాడు. తరచుగా అతను చెప్పిన చోటే చేప పడేది. ఆ మాట ఫోనులో అక్కకు చెప్పేవాడు గానీ అతని గొంతు వెనక గాలి హోరు ఉండేది కాదు.

హేమసుందరి మొదట పరమాణువులు ఎప్పటికీ కదలని లోహం కోసం వెతికింది. ఎన్ని పోతలు పోసినా కొంచెం ముందో వెనకో అవి సర్దుకుంటూనే ఉన్నాయి. వేడి ఉన్నచోట ఏ లోహమూ శాశ్వతంగా పేచీలో ఉండదు. అది ఒప్పుకోవడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది. ఒప్పుకున్నాక పని మారింది. కోబాల్టు కలిపి, పోతను చల్లార్చే పద్ధతి మార్చి, ఆ సర్దుబాటును వీలైనంత నెమ్మది చేసింది. దాంతోపాటు బిళ్ళ తన చల్లదనాన్ని తానే కొలుచుకునే ఏర్పాటు చేసింది. ఈసారి నీళ్ళ తొట్టెలో అరిగి వేడెక్కేదాకా నడిపాకే, ఎంతకాలం పనిచేస్తుందో లెక్కగట్టి మనుషుల దగ్గరికి వెళ్ళింది.

ఆపరేషన్ గది బయట బల్ల మీద నూకరాజు ఆస్పత్రి చొక్కా వేసుకుని కూర్చున్నాడు. గుండు గీశారు. పాత మచ్చ తెల్లగా కనపడుతోంది. అతని పక్కన దేవుడమ్మ.

"ఎన్నేళ్ళక్కా?" అన్నాడు.

"ఆరు. నీకు తరచుగా వస్తాయి కాబట్టి ఐదే కావచ్చు. ప్రతి ఏడూ వచ్చి కొలిపించుకోవాలి. చల్లదనం సగానికి పడితే అదే ఆగిపోతుంది."

"నన్నడక్కుండానే?"

"నిన్నడక్కుండానే. అలాగే చేశాను. అది నచ్చకపోతే ఇప్పుడే చెప్పు, ఇంటికి వెళ్ళిపోదాం."

నూకరాజు తల నిమురుకున్నాడు. "గోవిందుకి వెయ్యొచ్చా ఇది?"

"లేదు. అతని మెదడులో ఆ భాగం మళ్ళీ తీగలు పెట్టడానికి పనికిరాదు."

వార్డు బాయ్ వచ్చి నిలబడినా నూకరాజు లేవలేదు.

"ఆగిపోనీ," అన్నాడు చివరికి. "ఆగినప్పుడు నాను నీతో గొడవడతాను. తిడతాను కూడా. నువ్వు ఇనకు."

"విననులే."

అతను లేచి తలుపు తోసుకుని లోపలికి నడిచాడు. తలుపు రెండుసార్లు ఊగి ఆగింది.

దేవుడమ్మ బల్ల మీద కొంచెం పక్కకు జరిగింది. "ఐదారేళ్ళంటే మళ్ళీ ఇక్కడికే రావాల వదినా, నువ్వూ నేనూ."

"వద్దాం," అని హేమసుందరి ఆమె పక్కన కూర్చుంది.